గిటార్ వెంట చిటపట

ఆదివారం.

మధ్యాహ్నంలోగా పాటకి గిటార్ ఎక్కించేసి, సాయంత్రం గొంతు పెట్టుకుందామని ప్లాన్. గిటార్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అంటే గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే డబ్బాకి, తగిలించి నాలుగు కార్డ్స్ వాయించానో లేదో హెడ్‌ఫోన్స్‌లో చిటపట మొదలైంది. ఆగుతుంది, కాసేపు బుద్ధిగా ఉంటుంది, మంచి చోటు రాగానే మళ్లీ టిక్‌మంటుంది.

తమ్ముడు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "కొత్తది కొనెయ్ అన్నయ్యా, ఈ ఇంటర్‌ఫేస్ పోయినట్టుంది" అన్నాడు. వాడికి అన్ని రోగాలకీ మందు అదే. ఇలాంటప్పుడు ఎవరినడిగినా చెప్పే ఇంకో సలహా, డ్రైవర్ (ఆ డబ్బాని కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యమని. అదీ నాకు పడదు. బాగైనా ఎందుకు బాగైందో తెలీదు, మళ్లీ వస్తే మళ్లీ అదే తంతు.

నేను ముందు చూసేది ఒకటే. ఆ చప్పుడు రికార్డింగ్‌లోకి దిగిందా, లేక వినేటప్పుడు మాత్రమే వస్తోందా? రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో శబ్దం గీతలా కనబడుతుంది, అందులో టిక్‌మన్న చోటుకి వెళ్లి జూమ్ చేస్తూ పోయాను. విడివిడి చుక్కలు (శాంపిల్స్, అంటే క్షణక్షణం తీసిన శబ్దం కొలతలు) కనబడేంత దగ్గరికి వెళ్తే, తీగ కదలిక నున్నగా పైకీ కిందికీ ఊగుతోంది. సరిగ్గా ఆ చోట మాత్రం గీత నిట్టనిలువుగా ఒక్క గెంతు గెంతి, అవతల మళ్లీ నున్నగా సాగింది. మధ్యలో ఒక ముక్క లేదు. కేబుల్ పాడైతే ఇలా ఉండదు. గీత చిందరవందరగా ఉంటుంది, కేబుల్ కదిపినప్పుడల్లా గరగరమంటుంది. ఇది మాయమైన శాంపిల్స్ పని. అంటే గిటార్, కేబుల్ నిర్దోషులు. తప్పు అక్కడినుంచి కంప్యూటర్ దాకా ఉన్న దారిలో ఎక్కడో ఉంది.

తర్వాత బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి అందుకునే శాంపిల్స్ కట్ట సైజు. ఇంటర్‌ఫేస్ ఆడియో డ్రైవర్ సెట్టింగుల్లో, అంటే ఏసియో ప్యానెల్‌లో, 128 ఉంది. సెకనుకి 44,100 శాంపిల్స్ లెక్కన 128 అంటే దాదాపు 2.9 మిల్లీసెకన్లు. అంత సేపటికొకసారి కంప్యూటర్ తప్పకుండా ఒక కట్ట అందుకుని ఇంకో కట్ట ఇవ్వాలి. ఒక్కసారి ఆలస్యమైనా టిక్కే. 1024కి పెంచి చూస్తే చిటపట మాయం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, గొంతు రికార్డ్ చేసేవాళ్లయితే ఆగినా నష్టం లేదు. డైరెక్ట్ మానిటర్ నాబ్ తిప్పుకుంటే గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే ఇంటర్‌ఫేస్‌లోంచి నేరుగా చెవికి వస్తుంది. కానీ నా గిటార్ సౌండ్ అంతా సాఫ్ట్‌వేర్‌లోని యాంప్ ప్లగిన్‌లో (గిటార్ యాంప్లిఫయర్‌ని అనుకరించే చిన్న ప్రోగ్రాం) ఉంది. డైరెక్ట్‌గా వింటే ఉత్త తీగల చప్పుడు, ప్లగిన్‌లోంచి వింటే 1024 దగ్గర రానుపోను కలిపి 46 మిల్లీసెకన్ల పైమాటే. వేలు ముందు, శబ్దం తర్వాత. ఆ తేడాతో రిథమ్ వాయించడం నావల్ల కాదు.

కాబట్టి 128 దగ్గరే బాగుచెయ్యాలి. యూఎస్‌బీ హబ్ తప్పించి ఇంటర్‌ఫేస్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. అదే చిటపట. పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీని నిద్రపుచ్చే ఆప్షన్ ఆపాను. తేడా లేదు. ఒకసారికి ఒక్కటే మార్చడం విసుగే, కానీ నాలుగూ కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎవరు చెప్తారు?

అసలు ఆశ్చర్యం ఏంటంటే, సాఫ్ట్‌వేర్‌లో సీపీయూ మీటర్ సగం కూడా దాటలేదు. మెషీన్‌కి శక్తి చాలకపోవడం కాదన్నమాట, ఎవరో మధ్యలో దాన్ని పట్టి ఆపుతున్నారు. ఏ డ్రైవర్ ఎంతసేపు ఆపుతోందో చూపించే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం తెరిచి కాసేపు అలా వదిలేశాను. పట్టికలో అందరికన్నా పైన నిలబడింది ఎన్‌డీఐఎస్ అనే ఫైలు, నెట్‌వర్క్ తాలూకు. విండోస్‌లో డ్రైవర్ల అర్జెంటు పనులకి మామూలు ప్రోగ్రాములన్నిటికన్నా ముందు వరస ఉంటుంది. వైఫై డ్రైవర్ ఆ వరసలో నిలబడి నాలుగైదు మిల్లీసెకన్లు కదలకపోతే, 2.9కి రావాల్సిన గిటార్ కట్ట బయటే ఆగిపోతుంది. వైఫై అడాప్టర్ డిసేబుల్ చేసి మళ్లీ వాయించాను. ఒక్క టిక్ లేదు. మళ్లీ ఆన్ చేశాను, చిటపట హాజర్! ఆ రెండోసారి ఆన్ చేసి చూడడం ముఖ్యం. లేకపోతే అది కాకతాళీయమో కారణమో తేలదు.

ఈ గొడవలో ఇంకోటి బయటపడింది. చార్జర్ పెట్టి ఉంటే గిటార్ వెనకాల సన్నగా గుయ్‌మంటోంది. చార్జర్ పీకితే ఆ మోత పోయింది, బదులుగా చిటపట తొంగిచూసింది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ పొదుపు మోడ్‌లోకి దిగి ప్రాసెసర్ వేగం తగ్గించేస్తోంది. పవర్ మోడ్ పైకి పెట్టాక రెండూ సద్దుమణిగాయి. బ్యాటరీ ఉన్నంతసేపే అనుకోండి.

వైఫై కొత్త డ్రైవర్ వేసి ఓసారి చూడాలి. అప్పటిదాకా రికార్డింగ్ ఉన్న రోజు నెట్ బంద్. రికార్డింగ్‌కి 128, మిక్సింగ్‌కి 1024. పల్లవికి గిటార్ ఎక్కింది, ఒక టేక్ చాలా బాగా వచ్చింది కూడా. గొంతు మాత్రం రేపటికి వాయిదా. తమ్ముడు అప్పుడే రెండుసార్లు వచ్చి వైఫై ఎప్పుడొస్తుందని అడిగాడు.