మైకు లాక్కున్నాక

నిన్న వలసల మీద ఒక చర్చకు వెళ్ళాను. ఒకాయన లేచి, "వీళ్ళు మన ఉద్యోగాలు ఎగరేసుకుపోతున్నారు, మనలో కలిసే రకం కాదు" అన్నాడు. మైకు లాక్కోమని సగం హాలు అరిచింది. ఆ అరుపుల్లో నా గొంతూ ఉంది.

రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన మాటలు కొత్తవేం కావు. "కలవరు, మన కూలి తగ్గిస్తారు" అంటూనే అమెరికా 1882లో చైనా కూలీల రాకను చట్టం చేసి మరీ ఆపింది. దాన్ని రద్దు చేసేసరికి 1943 వచ్చింది. అరవై ఒక్క ఏళ్ళు!

అలాగని నోరు నొక్కేయాలా? దేశాలే ఒక మాట మీద లేవు. అప్పటికప్పుడు చట్టవిరుద్ధమైన పనికి ఉసిగొల్పి, అది జరిగేలా ఉంటే తప్ప మాటను శిక్షించకూడదని 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. (గెలిచింది నల్లవాళ్ళను ద్వేషించే తెల్లవాళ్ళ ముఠా కు క్లక్స్ క్లాన్ నాయకుడు. మింగుడుపడదు, కానీ అంతే.) జర్మనీ శిక్షాస్మృతి 130వ సెక్షనేమో ప్రజాశాంతి చెడేలా ఒక వర్గం మీద ద్వేషం రెచ్చగొడితే జైలంటుంది. వాళ్ళ చరిత్ర తెలిస్తే ఎందుకో అడగక్కర్లేదు.

నాకు గుచ్చుకున్నది వేరే. మైకు పోగానే ఆయన విసురుగా వెళ్ళిపోయాడు, వెనకే ఓ పదిమంది. నా పక్కన కూర్చున్నావిడ వలస వచ్చిన మనిషే. "ఆయన్నో ప్రశ్న అడగాలని చెయ్యెత్తాను, ఈలోపే మీరంతా పంపించేశారు" అంది.

ఏం ప్రశ్నండీ అన్నాను.

"నా ఉద్యోగం కావాలా అని."

ఆవిడ రాత్రిళ్ళు ఆఫీసులు ఊడుస్తుంది.