ఒంగోలు జిల్లా బైండు

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున ఆరున్నరకే ఫోను. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని పాత పేపర్ల కొట్టబ్బాయి. "అక్కా, మూడు బస్తాలు బుక్కులు వచ్చుండాయి. పదికల్లా లారీకెత్తేస్తాం. చూసుకుంటావా?" అన్నాడు. చూసుకోకుండా ఎట్టా ఉంటాను? పిండి గిన్నె పొయ్యి పక్కనే వదిలేసి, "దోశలు మీరే పోసుకోండి, ఎర్రకారం గిన్నెలో ఉంది" అని మా ఆయనకు అప్పజెప్పి బండి తీశాను. ఆయన ఏమీ అనలేదు. ఇరవయ్యేళ్లుగా అనీ అనీ మానేశారు.

బస్తా అనగానే సగం ఆశ అక్కడే వదులుకోవాలి. రెండు బస్తాల నిండా ఇంటర్ గైడ్లు, పంచాంగాలు, పెళ్లిపత్రికలు. మూడోదాని అడుగున మాత్రం తగిలాయి. అట్టల్లేని చందమామలు నాలుగు, బొమ్మరిల్లు ఒకటి, అమర చిత్ర కథ ఒకటి (వెనక అట్ట మీద ఎవరో పిల్లాడు కూడికలు చేశాడు, అన్నీ తప్పే), ఒక లావుపాటి బైండు. తూకమేస్తే రెండుంబావు కిలోలు. "కిలో ముప్పై లెక్కనియ్యక్కా" అన్నాడు. పోయిన నెల ఇరవై ఐదే. నేను బస్తాలో తలదూర్చడం చూసి పెంచాడు. మొహంలో ఏమీ కనపడనీయకుండా బేరమాడటం నాకింకా పట్టుబడలేదు.

చందమామలకు అట్టలు లేకపోవడం మామూలే. అట్ట మీది వడ్డాది పాపయ్య బొమ్మ మీద మోజుతో ముందే ఎవరో చించేసి ఉంటారు. ఆయన చందమామలో వ.పా. అని, యువ పత్రికలో పా.వ. అని సంతకం చేసేవారు. చిన్నప్పుడు వీళ్లిద్దరూ వేరేవాళ్లనే అనుకున్నాను. ఆ అట్టల్లో ఒకదాన్ని నేనే పాడుచేశాను. చిరుగు అతుకుదామని సెల్లోటేపు అంటించాను. నాలుగేళ్లలో టేపు ఊడిపోయి, దాని జిగురు మాత్రం రంగులోకి దిగి, టీ మరకలాగా నిలిచిపోయింది. ఇప్పుడు టేపుకి మా ఇంట్లో పుస్తకాల బీరువా దగ్గరికి ప్రవేశం లేదు.

అట్టతో పాటు మొదటి కాగితమూ పోతే అది ఏ ఏడాది సంచికో తేల్చడం ఒక సరదా. 1947 జులైలో మొదలైన పత్రిక, మధ్యలో కొన్నాళ్లు ఆగినా 2012 దాకా నడిచింది. అంత పొడుగులో వెతకాలి. ప్రకటనల్లో ధరలు చూస్తాను. అణాల్లో ఉంటే 1957కు ముందుది అయ్యుంటుంది. "న.పై." (నయా పైసలు) అని ఉంటే ఆ ఏడాది ఏప్రిల్‌కీ 1964కీ మధ్యది. "మద్రాసు-26" అని ఉంటే ఒక కాలం, "600 026" అని ఉంటే ఇంకో కాలం, ఎందుకంటే ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. ఇవాళ్టి నాలుగింట్లో మూడు తేలిపోయాయి. నాలుగోదాంట్లో అన్నీ బిస్కెట్ల ప్రకటనలే, ధరలు లేవు. శంకర్ వేసిన విక్రమార్కుడు మాత్రం శవాన్ని భుజానేసుకుని ఎప్పట్లాగే నడుస్తున్నాడు. ఆయన్ని ఏడాది అడిగితే ఏం చెబుతాడు?

అసలు మాట బైండుది.

వారపత్రికలో సీరియల్ వస్తుంటే ఆ పేజీలు మాత్రం చింపి దాచి, అయిపోయాక అన్నీ కలిపి కుట్టించుకోవడం ఒకప్పుడు ఇంటింటా ఉండేది. పాత పత్రికలు పోగేసేవాళ్లకి ఈ బైండులంటే పడదు. ఒక బైండు కోసం ఎన్ని సంచికల పొట్టలు చీల్చారో అని వాళ్ల ఏడుపు. నిజమే. కానీ నాకు బైండులే ఇష్టం. ముందు పేజీ ఆ ఇల్లాలు ఏరి దాచుకున్నది. వెనక పేజీ ఏరకుండానే వెంట వచ్చేసింది. సగం జోకు, సగం వంటకం, పేరు తెగిపోయిన తలనొప్పి మాత్ర, ఎవరో పాఠకురాలి కోపం. నేను చదివేది వాటిని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడ మీద నీడలో చాప పరిచి దుమ్ము దులిపాను. తుప్పు పట్టిన పిన్నులు చాకుమొనతో ఒక్కొక్కటీ లేపి తీశాను. లాగితే కాగితమూ ఊడొస్తుంది. అత్తమ్మ మెట్లెక్కి వచ్చి, బైండు చేతిలోకి తీసుకుని, వీపు దగ్గర విప్పి చూసి, "ఇది బజార్లో కుట్టిచ్చిందేలే, మైలుతుత్తం ఏసుండారు" అంది. చూస్తే నిజంగానే అతుకు దగ్గర లేత నీలం చార. మైదా జిగురులో మైలుతుత్తం కలిపితే పురుగు ముట్టదు. ఇంట్లో ఉత్త మైదా ఉడికించి అంటించినవి పురుగుకు పెట్టిన ఫలారమే. కావలిలో వాళ్ల పుట్టింటికి బైండు సాయిబు దబ్బనం, దారం తీసుకుని వచ్చేవాడట. కూలి కాక ఒక పూట అన్నం పెట్టేవాళ్లట.

పత్రిక పేరు లేదు. అంచులు సమానం చేస్తూ పేజీ అడుగున ఉండే పేరూ తేదీ కలిపి కోసేశారు. సీరియలేమో డిటెక్టివ్‌ది, రెండో పేజీకే హంతకుడెవరో తెలిసిపోయింది. దాన్ని వదిలేసి వెనకలు తిప్పుతుంటే, ఉత్తరాల శీర్షికలో ఒక ఊరి పేరు, దాని పక్కన "ఒంగోలు జిల్లా".

చాప మీద నుంచి లేచి నిలబడ్డాను. ఒంగోలు జిల్లా పుట్టింది 1970 ఫిబ్రవరి 2న. నెల్లూరు నుంచి, గుంటూరు నుంచి, కర్నూలు నుంచి తలా కొంత తీసి చేశారు. 1972 డిసెంబరులో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అంటే ఈ కాగితం 1970కి ముందుది కానే కాదు. 1972 తర్వాతదా అంటే గట్టిగా చెప్పలేం. జనం నోట్లో పాత పేరు అంత తొందరగా పోదు. మా అమ్మమ్మది పొదిలి పక్క ఊరు. ఆమె కడదాకా "మాది నెల్లూరు జిల్లానే" అనేది. అయినా పక్క ప్రకటనలో మద్రాసు అడ్రసుకు పిన్‌కోడు లేదు. రెండూ కలిపితే డెబ్భై, డెబ్భై రెండు మధ్యకు తేలింది. పెన్సిల్‌తో లోపలి అట్ట మీద సన్నగా రాసుకున్నాను.

ఆ ఉత్తరాల వెనక, అంటే సీరియల్ ఒక వారం ముగిసిన చోట, ఒక కథ మొదలైంది. భర్త పోయి నెలైన ఆవిడ ఇంటికి పోస్టుమేను వస్తాడు. ఆయన పేరు మీద మనియార్డరు, నలభై రూపాయలు. ఎవరు పంపారో ఆవిడకి తెలీదు. పోస్టుమేను కొత్తవాడు, ఆయన పోయిన సంగతి వాడికి తెలీదు. "సారు లేరా అమ్మా?" అంటాడు. సంతకం చేయమని ఫారం చాస్తాడు. "ఆవిడ కలం అందుకుని" అని పేజీ అయిపోయింది. తర్వాతి కాగితం డిటెక్టివ్‌దే, తర్వాతి వారానిది.

అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమెకు కళ్లు ఆనవు. కాసేపు ఊరుకుని, "మొగుడి పేరు రాసేసుద్ది. పోస్టుమేనుకు ఆ సంగతి తర్వాత తెలుసుద్ది, తెలిసీ ఊరుకుంటాడు" అంది.

"మీరు చదివారా అత్తమ్మా?"

"చదివినట్టే గుర్తు."

నాకు నమ్మకం కుదర్లేదు. అది ఏదో సినిమాలోదిలాగా ఉంది. ఏడాది తెలిసింది కాబట్టి ఎండాకాలం సెలవుల్లో వేటపాలెం పోవాలి. 1918లో పెట్టిన సారస్వత నికేతనం లైబ్రరీలో పాత పత్రికలు ఏళ్లవారీగా దాచారు. ఇంతకు ముందు ఒకసారి పోయినప్పుడు ఏ ఏడాది కావాలని అడిగితే నోరు తెరవలేకపోయాను. ఈసారి మూడేళ్ల వారపత్రికలు తీయించి ఒక్కొక్కటీ తిప్పితే ఆవిడ కలం అందుకుని ఏం చేసిందో దొరకొచ్చు. మా ఆయన విని, "ఒక్క పేజీ కోసం అంత దూరమా?" అన్నారు. అత్తమ్మ మాత్రం "పోతే పోయింది, అక్కడ జీడిపప్పు బాగుంటది, అరకిలో తే" అంది.

చందమామల మధ్య ఎండిన వేపాకు పెట్టి, బైండును విడిగా గుడ్డలో చుట్టి బీరువాలో సర్దాను. కలరా ఉండలు అయిపోయాయి, రేపు బడి నుంచి వస్తూ తేవాలి. ఆరో తరగతి నోట్సులు దిద్దలేదు.

ఇది రాస్తుంటే పక్క గదిలోంచి అత్తమ్మ పిలిచింది. నిద్రపోయిందనుకున్నాను.

"అమ్మే, ఆమె సంతకం పెట్టదులే. ఎనక్కి పంపించేసుద్ది."

"మధ్యాహ్నం పెడుతుందన్నారే?"

"అప్పుడు నలభై రూపాయలంటే బో ఎక్కువ" అని అటు తిరిగి పడుకుంది.