థెరపీ పనిచేస్తోందా? బీపీ మిషన్ లెక్క చూడండి

ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ అన్నీ నార్మల్. అయినా గుండె గురించి భయం పోదు. ఇలాంటి ఆరోగ్య భయానికి సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) తీసుకునేవాళ్లు నాలుగైదు సెషన్లు అయ్యాక దాదాపు అందరూ అడిగేది ఒకటే: "ఆలోచనలు ఇంకా వస్తూనే ఉన్నాయండీ, దీంతో లాభం ఉందంటారా?" ఆలోచన రావడాన్ని బట్టి ఏదీ తేల్చలేం. ఛాతీలో చురుక్కుమంటే అనుమానం రావడం ఎప్పటికీ ఉండొచ్చు. వచ్చాక చెయ్యి దేని మీదికి పోతోంది, ఎంతసేపట్లో పోతోంది అన్నదే చూడాలి.

అందుకే మొదటి వారం, ఇంకా ఏదీ మార్చకముందే, లెక్క రాసుకోవాలి. రోజుకి బీపీ ఎన్నిసార్లు, నాడి ఎన్నిసార్లు, గూగుల్‌లో ఎన్ని నిమిషాలు, "నాకేం కాదు కదా" అని ఇంట్లోవాళ్లని ఎన్నిసార్లు. ఇది లేకపోతే రెండో నెలలో జ్ఞాపకం మీద ఆధారపడాల్సి వస్తుంది. భయపడ్డ రోజున జ్ఞాపకం ఒక్క మంచి రోజునీ చూపించదు.

రాత్రి పదకొండింటికి బీపీ 128/84 ఉంటుంది. నమ్మకం కుదరక ఐదు నిమిషాలకి మళ్లీ చూస్తే 136/88. కంగారుకే అంత పెరుగుతుంది, పెరిగిందని మూడోసారి పట్టీ చుట్టుకుంటారు. థెరపీలో దీన్ని ఒక్కసారిగా మాన్పించకుండా వాయిదా వేయించొచ్చు: ముందు అరగంట, తర్వాత రెండు గంటలు, ఆపైన తెల్లారేదాకా. మొదట్లో భయం పెరుగుతుంది. ఆ వారాలు చూసి మానేసేవాళ్లూ ఉంటారు, పాపం.

ఆరోగ్య భయాన్ని కొలవడానికి షార్ట్ హెల్త్ యాంగ్జైటీ ఇన్వెంటరీ అని 18 ప్రశ్నల ఫారం ఉంది, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 54. మామూలు ఫారం గత ఆరు నెలల గురించి అడుగుతుంది, దాంతో నెల రోజుల మార్పు కనపడదు. గత వారం గురించి అడిగేది ఇమ్మనండి. నెలకోసారి చాలు. రోజూ నింపితే అదీ ఇంకో బీపీ మిషన్ అయిపోతుంది. ఒకటి రెండు మార్కుల తేడాని పట్టించుకోవద్దు.

మోసపోయేది ఎక్కడంటే, సెషన్ నుంచి హాయిగా బయటికి వచ్చి, సాయంత్రానికి మళ్లీ మొదలైతే, థెరపిస్టు కూడా "మీకేం లేదు" అని ధైర్యం చెప్పి పంపుతున్నారన్నమాట. అది ఇంట్లోవాళ్లని అడగడం లాంటిదే, ఫీజు ఒక్కటే తేడా. బీపీ చూడటం తగ్గింది కానీ చావు ఇళ్లకి వెళ్లడం మానేశారు, జేబులో సార్బిట్రేట్ (గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర) లేకుండా గడప దాటరు, అంటే తగ్గలేదు. గుండె వదిలి మెడలో గడ్డలు తడుముకోవడం మొదలైతే కూడా అంతే. అన్ని అవయవాలూ కలిపి కూడండి.

ఆరేడు సెషన్లయినా ఇంటికి పని ఇవ్వకపోతే, భయపెట్టే నమ్మకాన్ని చేసి పరీక్షించి చూడటమే లేకపోతే, థెరపిస్టుని నేరుగా అడగాల్సిందే. "మూడంతస్తులు ఎక్కితే గుండె ఆగిపోతుంది" అన్న నమ్మకం ఎంత శాతం? 80 అనుకుందాం. రాసిపెట్టి, ఎక్కి, మళ్లీ రాయాలి. వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుని ఎక్కితే దండగ, బతికించింది అదేనని మనసు ఖాయం చేసుకుంటుంది. బ్రిటన్‌లో ఆసుపత్రి ఔట్‌పేషెంట్లు 444 మందితో చేసి 2014లో లాన్సెట్‌లో వేసిన అధ్యయనంలో ఇచ్చింది 5 నుంచి 10 సెషన్లే, రెండేళ్ల తర్వాతా మేలు నిలిచింది. కాబట్టి ఏడాదిపాటు కబుర్లతో సరిపెట్టాల్సిన పనిలేదు.

వీధిలో ఎవరికైనా గుండెపోటు వచ్చిందంటే లెక్క ఎగబాకుతుంది. ఎన్ని రోజులకి దిగిందో రాయండి. ఒకసారి మూడు వారాలు పట్టి, తర్వాతిసారి నాలుగు రోజుల్లో దిగితే బాగుపడుతున్నట్టే.

ఒక్క డాక్టరునే పెట్టుకుని, ఏ లక్షణం ఎన్నాళ్లుంటే రావాలో ముందే మాట్లాడుకోండి. చెమటలతో ఛాతీ పిండేసినట్టున్నా, ఒకవైపు చెయ్యి కాలు పడిపోయినా, మాట తడబడినా ఈ వాయిదాలేవీ వర్తించవు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.