ఊహించలేవు అన్నందుకు

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం, నేను ఒక మిస్టరీ నవల ఇచ్చిన అమ్మాయి సాయంత్రం అన్న మాట చెవిలోంచి పోవడం లేదు.

"అక్కా, హంతకులెవరో నలభయ్యో పేజీ దగ్గరే కనిపెట్టేశాను. అస్సలు ఊహించలేవని మీరే అన్నారుగా. అందుకని ఎవరి మీద అనుమానం రాదో వాళ్ళనే చూసుకుంటూ పోయాను."

నన్ను తప్పుపట్టాలని అనలేదు. పందెం గెలిచినంత సంతోషంగా అంది. పుస్తకం నా చేతిలో పెట్టి, "బాగుంది కానీ, మీరు చెప్పినంత లేదు" అని కూడా అంది. నేను "అవునా" అని ఊరుకున్నాను. దారి పొడుగునా, ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డంతసేపూ అదే ఆలోచన.

ఏ నవలో ఇక్కడ కూడా రాయను. పేరు రాస్తే, పైన రాసిన నాలుగు ముక్కలు చాలు, చదవని వాళ్ళకి అది పాడైపోవడానికి. మీలో ఒకరిద్దరికి ఈపాటికే తట్టి ఉండొచ్చు. తట్టినా ఎవరికీ చెప్పకండి, దయచేసి.

తను చాలా మామూలుగా అడిగింది. "మిస్టరీలు ఎప్పుడూ చదవలేదక్కా, ఒకటి చెప్పండి, దాంతో మొదలుపెడతాను" అని. ఒక మనిషి చేతిలో మొట్టమొదటి మిస్టరీ నవల పెట్టే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? నాకు మూడు రోజులు అదే పని. అలమర ముందు నిలబడి ఇది తీసి అది పెట్టి, చివరికి నాకు ప్రాణమైన దాన్నే ఇచ్చాను. ఇచ్చేటప్పుడు నోరు ఊరుకోలేదు. కథ ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరు చచ్చిపోతారో చెప్పలేదు. "చివరిదాకా నువ్వు అస్సలు ఊహించలేవు, చూడు" అన్నాను. అంతే. ఆ ఒక్క మాటలో మొత్తం చెప్పేశానని ఇవాళ్టిదాకా తెలియలేదు.

ఒక ఇంట్లో హత్య జరిగింది, ఎనిమిది మంది ఉన్నారు అనుకోండి. ఏమీ తెలియకుండా చదివే మనిషి ముందు తండ్రితో గొడవపడ్డ కొడుకుని అనుమానిస్తాడు. తర్వాత రాత్రిపూట తోటలో కనిపించిన ఆవిడని. తర్వాత అప్పుల్లో మునిగిన తమ్ముణ్ణి. రచయిత ఎటు చూపిస్తే అటు చూస్తాడు. ఆ తిరగడంలోనే ఉంది ఆనందమంతా. "ఊహించలేవు" అన్న మాట చెవిన పడ్డవాళ్ళు అలా తిరగరు. కొడుకు కేకలేస్తుంటే వీళ్ళు గదిలో మూల నిశ్శబ్దంగా కూర్చున్న మనిషిని చూస్తుంటారు. ఎనిమిది మందిలో ఆరుగురిని మొదటి రోజే కొట్టేస్తారు. ఇక మిగిలింది ఇద్దరే. ఇద్దరిలో ఒకరిని పట్టుకోవడానికి డిటెక్టివ్ ఎందుకు?

పైగా ఆ మాట రచయితకి కూడా అన్యాయమే. 1929లో రోనాల్డ్ నాక్స్ అని, ఇంగ్లండులో ఒక క్రైస్తవ ఫాదర్, తను కూడా డిటెక్టివ్ నవలలు రాసేవాడు, ఈ కథలకి పది నియమాలు పెట్టాడు. అందులో మొదటిది, నేరం చేసిన మనిషి కథ తొలి భాగంలోనే కనబడాలి అని. ఆధారాలు డిటెక్టివ్‌కి దొరికిన వెంటనే పాఠకుడికీ చూపించాలి అని ఇంకొకటి. అంటే నిజాయతీగా రాసేవాళ్ళు అన్నీ మన కళ్ళ ముందే పెడతారు. ఊహించగలిగేలాగే రాస్తారు. ఊహించగలిగీ ఊహించలేకపోవడమే కదా మనకి కావలసింది. "ఊహించలేవు" అని నేనెవర్ని చెప్పడానికి?

నేనొక్కదాన్నే కాదు, అందరూ ఇదే చేస్తారు. వెనక అట్ట సంగతి చూడండి. ఆ అట్ట మీద రాసేవాళ్ళ మీద నాకెంత కోపమో చెప్పలేను. మొన్న ఒక నవల మొదలుపెట్టాను. వెనకాల "తెల్లారేసరికి రెండో శవం" అని ఉంది. నేను ఆ రెండో శవం కోసం నూట డెబ్భై పేజీలు ఎదురుచూశాను! అంతవరకూ ఎవరు మేడ మెట్లెక్కినా, ఎవరు మంచినీళ్ళు తాగినా, ఇప్పుడేనా, వీళ్ళేనా అని. రచయిత పాపం ఆ నూట డెబ్భై పేజీలూ రెండో హత్య జరగదేమో అనిపించేలా జాగ్రత్తగా రాసుకొచ్చాడు. అట్ట మీద ఒక్క లైను ఆ పనంతా నేలపాలు చేసింది. ముందు అట్ట మీద ఎర్రక్షరాలతో "చివరి పేజీ మిమ్మల్ని కుదిపేస్తుంది" అని వేసేవాళ్ళు ఇంకో రకం.

వీళ్ళందరికన్నా మా బావగారు. ఆయన సంగతి మీకు తెలుసు. నా చేతిలో తను చదివేసిన పుస్తకం కనిపిస్తే చాలు, "ఎక్కడిదాకా వచ్చావు? లాయర్ వచ్చాడా? రాలేదా? సరే సరే, చదువు" అంటారు. ఆ "సరే సరే"కి అర్థమేమిటి? ఇక లాయర్ వచ్చి నమస్కారం పెట్టినా నాకు టెన్షనే. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి అది తప్పని అనిపించదు. ప్రేమతోనే అడుగుతారు, తెలుసు. నేను ఆ అమ్మాయితో అన్నది కూడా ప్రేమతోనే.

లండన్‌లో 'ద మౌస్‌ట్రాప్' అని అగాథా క్రిస్టీ నాటకం 1952 నుంచి ఆడుతోంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆగింది, మళ్ళీ మరుసటేడు మొదలుపెట్టారు. ప్రదర్శన అయ్యాక నటుల్లో ఒకరు ముందుకొచ్చి, హంతకులెవరో బయట ఎవరికీ చెప్పొద్దని ప్రేక్షకులని అడుగుతారు. అది వాళ్ళ ఆనవాయితీ. ఇన్ని దశాబ్దాలుగా, ఎవరో రేపు వచ్చి మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుంటారని, వాళ్ళ కోసం ముందురోజు చూసినవాళ్ళని నోరు మూసుకోమని బతిమాలుకోవడం. ఎప్పుడు గుర్తొచ్చినా మనసు నిండిపోతుంది. మనకి తెలియని మనుషుల ఆనందాన్ని మన దగ్గర దాచిపెట్టినట్టు.

ఇదంతా అనుకుంటుంటే ఆ నీలం సున్నా గుర్తొచ్చింది. దాని గురించి ఇక్కడ ఎప్పుడూ రాయలేదనుకుంటా.

ఇంటర్ మొదటేడు సెలవులు. ఎవరో ఇచ్చిన పుస్తకాల కట్టలో ఒక పాత తెలుగు డిటెక్టివ్ నవల దొరికింది. అట్ట లేదు, పేరు కూడా అట్టతోనే పోయింది. అంచులు గుడ్డలాగా మెత్తబడిపోయాయి. కథ మొదలయ్యే ముందు ఒక పేజీలో పాత్రల పట్టిక ఉంది, పేరూ దాని ఎదురుగా "హతుడి మేనల్లుడు", "వంటమనిషి" అంటూ. నాలుగో పేరు చుట్టూ నీలం ఇంకుతో సున్నా. పక్కన రెండే అక్షరాలు. "వీడే."

పెన్ను ఎంత గట్టిగా నొక్కారంటే, వెనక పేజీలో వేలు పెడితే ఆ సున్నా తగిలేది. నేను మొదట నమ్మలేదు. ఏడిపించడానికి రాసుంటారులే అనుకున్నాను. తర్వాత రబ్బరు తెచ్చి రుద్దాను. ఇంకు పోలేదు, కాగితం పోయింది. పేరున్న చోట కన్నం పడింది, పేరు మాత్రం నా బుర్రలో ఉండిపోయింది. ఏడుపొచ్చింది. రెండు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. వేరే ఏమీ లేక మూడో రోజు మొదలుపెట్టాను.

అతను మొదటిసారి కనబడేచోట కుక్కకి బిస్కెట్ వేస్తుంటాడు. నాకింకా గుర్తే. ఎవరు వచ్చినా ముందుగా కుర్చీ తెచ్చి వేసేది అతనే. ఇన్‌స్పెక్టర్ అందరినీ అడుగుతాడు, ఆ రాత్రి తొమ్మిదింటికి ఎక్కడున్నారని. అతను "పడుకున్నానండీ" అంటాడు. అనగానే బయట ఏదో పగిలిన చప్పుడు, అందరూ అటు పరిగెడతారు. నేను పరిగెత్తలేదు. ఎందుకంటే నాకు తెలుసు కదా. అక్కడే ఆగి ఆ మాటని మళ్ళీ చదివాను. పడుకున్నాను అన్నాడు, నిద్రపోయాను అనలేదు. అబద్ధం ఆడలేదు! పుస్తకం మొత్తంలో అతను ఒక్క అబద్ధం ఆడలేదు. అతను నోరు విప్పిన ప్రతిసారీ రచయిత ఇంకో పక్క ఏదో ఒకటి పగలగొట్టాడు, ఎవరినో ఒకరిని ఏడిపించాడు. ఎక్కడెక్కడ దాచాడో చూసుకుంటూ, వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ చదివాను. తొమ్మిది చోట్ల.

ఇది రాస్తుంటేనే ఒకటి అనిపిస్తోంది. ఏమీ తెలియకుండా చదివిన నవలలు ఎన్నో ఉన్నాయి. వాటిలో హంతకులెవరో కూడా ఇప్పుడు గుర్తులేదు చాలావాటికి. పాడైపోయిందని ఏడ్చిన ఆ అట్టలేని నవల మాత్రం వాక్యాలతో సహా గుర్తుంది. మరి పాడైందనాలా?

రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యతో ఆ అమ్మాయి సంగతి చెప్పాను. అత్తయ్యకి చివరి పేజీ ముందు చదివే అలవాటు, మా ఇద్దరికీ దాని మీద ఎన్ని గొడవలయ్యాయో మీకు తెలియంది కాదు. ఆవిడ కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవలల్లోని యుగంధర్, రాజూలతో పెరిగిన మనిషి. అప్పుడు కూడా అంతేనట, ముందు చివరి పేజీ, తర్వాత మొదటి పేజీ. నేనెప్పుడూ తప్పు అనడమే కానీ ఎందుకలా అని అడగలేదు. ఇవాళ అడిగాను.

"ఎవరు పోతారో తెలిస్తే, వాళ్ళ మాటలు ఇంకాస్త శ్రద్ధగా వింటానమ్మా" అంది.

చెయ్యి అలాగే ఆగిపోయింది నాకు.

నిజమే కదా. ఫ్రెడరిక్ ఫోర్సైత్ 'ద డే ఆఫ్ ద జాకల్' 1971లో వచ్చింది. 1963లో ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్‌ని చంపడానికి ఒక కిరాయి హంతకుణ్ణి మాట్లాడుకున్న కథ. డిగాల్ 1970 నవంబరులో తన ఇంట్లోనే మామూలుగా పోయాడు. పుస్తకం తెరిచిన ప్రతి మనిషికీ తెలుసు, ఈ హంతకుడి వల్ల ఆయన చావడని. ముగింపు ముందే తెలిసిన కథ ఎవరు చదువుతారని కొందరు ప్రచురణకర్తలు తిప్పి పంపారు కూడా. అయినా తుపాకీ తయారు చేయించుకునే ఆ పేజీలు, దొంగ పాస్‌పోర్టు కోసం చచ్చిపోయిన పసివాడి పేరు వెతకడం చదువుతుంటే నా గుండె ఎలా కొట్టుకుందో. చంపేస్తాడేమోనని నిజంగా భయపడ్డాను! 1912లోనే ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఇంగ్లీషు రచయిత నేరం చేసిన మనిషిని ముందే చూపించి, ఎలా దొరుకుతాడా అని మనల్ని కూర్చోబెట్టే కథలు రాశాడు. జపాన్ రచయిత హిగాషినో 'ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'లో కూడా హత్య మొదట్లోనే మన కళ్ళ ముందే అయిపోతుంది. దాని గురించి ఇంతకన్నా ఒక్క మాట చెప్పను.

అయితే తెలిస్తే నష్టమేమీ లేదా? పాడైందేమీ లేదని పడుకోవచ్చా? పదిన్నరకి అలాగే అనుకుని లైటు ఆర్పాను. నిద్ర రాక మళ్ళీ లేచాను. అత్తయ్య చివరి పేజీ తనంతట తను తిప్పుకుంటుంది. ఫోర్సైత్ తనే ఆ ముగింపుని మన ముందు పెట్టి మొదలుపెట్టాడు. నీలం పెన్ను మనిషి నన్నడగలేదు. ఆ అమ్మాయిని నేనూ అడగలేదు. నేను కావాలంటే రెండోసారి చదువుకుని ఆ దాచిన చోట్లన్నీ వెతుక్కోవచ్చు. మొదటిసారి చదవడం మళ్ళీ రాదు. తనకి అది రాకుండానే అయిపోయింది. ఆ నవల చివర్లో నేను పుస్తకం మూసి, మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి, అర్ధరాత్రి గోడకానుకుని కూర్చున్నాను. తనకి అలాంటి రాత్రి లేదు.

వెళ్తూ వెళ్తూ తను "ఇంకోటివ్వండక్కా" అంది. అది రాయడం మర్చిపోయాను. అదే కదా అన్నిటికన్నా ముఖ్యం.

ఈసారి చెప్పడం మానేసి కొంచెం తన గురించి ఆలోచించాను. కనిపెట్టానని చెప్పేటప్పుడు తన మొహం ఎలా వెలిగిందో. తనకి పట్టుకోవడం ఇష్టం. కాబట్టి 1939లో వచ్చిన అగాథా క్రిస్టీ 'అండ్ దెన్ దేర్ వర్ నన్' ఇస్తే? ఒక దీవి, పదిమంది, గోడకి వేలాడే ఒక పిల్లల పాట, అంతవరకూ మొదటి పేజీల్లోనే ఉంటుంది కనుక చెప్పినా పరవాలేదు. లేకపోతే జోసెఫిన్ టే రాసిన 'ద డాటర్ ఆఫ్ టైమ్', 1951ది. కాలు విరిగి ఆస్పత్రి మంచం మీద ఉన్న డిటెక్టివ్ ఒక పాత బొమ్మలోని మొహం చూసి, నాలుగైదు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ నిజంగా తన అన్న పిల్లల్ని చంపించాడా అని పుస్తకాలతోనే వెతుకుతాడు. రక్తం చుక్క ఉండదు. హింస చూడలేనన్న వాళ్ళందరికీ నేనిచ్చేది అదే. లేదా ఊహించడానికేమీ లేని జాకల్ ఇస్తే? పట్టుకునే పని లేకుండా పరిగెత్తడం ఎలా ఉంటుందో చూస్తుంది.

మూడింట్లో ఒకటి తీశాను. ఏదో చెప్పను. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేశాను, తెల్లవైపు బయటికి, వెనకాల రాసింది కనబడకుండా. అంచులు మడిచి టేపు కూడా అంటించాను, విప్పాలనిపించకుండా. బ్యాగులో పెట్టేశాను.

రేపు ఇవ్వగానే "ఇదెలా ఉంటుందక్కా?" అని అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. "చదివి నువ్వే చెప్పు" అనాలి. మొహంలో ఏమీ కనబడకుండా అనాలి. ఇందాక అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాను. రెండోసారి కాస్త నయం.