పక్కన పాత వంతెన
నిన్న రైలు కొవ్వూరు దాటగానే అమ్మ రూపాయి బిళ్ల గోదాట్లోకి విసిరి దండం పెట్టుకుంది. నా చూపు మాత్రం పక్కనున్న హేవలాక్ వంతెన మీదే. 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసింది పాపం. ఇప్పుడా పని మేం వెళ్తున్న కాంక్రీటు ఆర్చి వంతెనది.

చిన్నప్పుడు పాతదాని మీద ఇనుప గర్డర్లు ధడధడమంటుంటే తాతయ్య చెయ్యి వదిలేదాన్ని కాదు. కొత్తదాని మీద ఆ టెన్షన్ లేదు. ఫొటోలకీ ఆర్చిలే బాగుంటాయి, కాదనను. కానీ తుప్పెక్కిన ఆ గర్డర్ల కింద రాతి స్తంభాలు ఇంకా ఎంత నిటారుగా ఉన్నాయో!

అమ్మ ఇంకో బిళ్ల నా చేతిలో పెట్టింది. విసిరేలోపే గోదావరి స్టేషన్ వచ్చేసింది. బిళ్ల ఇంకా పర్సులోనే ఉంది.