బాఖ్ కొడుకూ, మా అమ్మాయీ

“అంత ఒకేలా ఉంటే నాకు రెండూ ఎందుకమ్మా?” అని మా అమ్మాయి అడిగింది. శనివారం కర్ణాటక సంగీతం తరగతికి కూర్చోననీ, ఆ వేళలో పియానో మీద జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఇన్వెన్షన్ (రెండు చేతులకూ చెరో వరుస ఉండే చిన్న రచన) సాధన చేసుకుంటాననీ మొండికేసినందుకు, ఆయన కాలపు సంగీతమూ మన సంగీతమూ ఒకేలా ఉంటాయని నేను చేసిన ఉపన్యాసానికి దక్కిన ఫలం అది.

ఆ ఉపన్యాసంలో నిజం లేకపోలేదు. 1600 నుంచి 1750 దాకా యూరప్‌లో వర్ధిల్లిన బరోక్ సంగీతంలో స్వరకర్త తరచూ మంద్రస్వరాల వరుసను మాత్రమే రాసి, వాటికి అంకెలు వేసి, పైన వాయించవలసినదాన్ని హార్ప్‌సికార్డ్ అనే, పియానోకు ముందుతరం మీటల వాద్యం వాయించేవాడి మనోధర్మానికి వదిలేసేవాడు. అదే కాలపు స్వరకర్త హాండెల్ రాసిన ఒపెరాలలో (పాటలతో నడిచే నాటకాలలో) పాట మళ్లీ మొదటి భాగానికి వచ్చినప్పుడు గాయకులు మనవాళ్లు ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడుతూ సంగతులు వేసినట్లే కొత్త అలంకారాలు చేర్చేవారు. బాఖ్ 1720లో తొమ్మిదేళ్ల పెద్దకొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమన్ కోసం మొదలుపెట్టిన పుస్తకంలో, ఏ గుర్తు కనబడితే స్వరాన్ని ఎలా అలంకరించాలో పట్టిక వేసి మరీ చూపాడు. ఇన్వెన్షన్ల తొలి రూపాలూ అందులోనే ఉన్నాయి. ఆ తండ్రిని చూపించి, అలాగే నువ్వూ గమకాలు, అంటే స్వరాన్ని ఊపే మన అలంకారాలు, నేర్చుకోవాలని నేను ముగించాను.

“ఆయన తనకు వచ్చినది నేర్పాడు కదా,” అంది అమ్మాయి. తొలి పాఠాల్లోని గీతాల దగ్గరే సంగీతం మానేసిన నేను దానికి బదులు చెప్పలేదు.

భోజనాల వేళకు అద్వైతం వదిలి ద్వైతానికి మారాను. గాంధారాన్ని, అంటే ‘గ’ స్వరాన్ని, ఊపకపోతే తోడి రాగం తోడి కాదనీ, పియానో మీట నొక్కాక ఆ స్వరాన్ని ఊపడం కుదరదనీ చెప్పాను. ఇన్వెన్షన్‌లో కుడిచేయి ఎత్తుకున్న పలుకును ఎడమచేయి అందుకుని, రెండూ ఒకదానికొకటి తీసిపోకుండా ఒకేసారి వేర్వేరు దారుల్లో సాగే తీరు మన కచేరీలో వినబడదు కాబట్టి, రెండూ నేర్చుకోవలసిందేనన్నాను. ఒకేలా ఉన్నా రెండూ కావాలి, వేరైనా రెండూ కావాలి అన్నమాట.

పియానో మానేస్తానని ఉంటే బాఖ్ తరఫున ఇంత వాదించేదాన్నా అని ఆలోచిస్తే నాకే సిగ్గేస్తోంది. తను బాఖ్‌ను వాయించేది ఆ రెండు చేతుల ఆట నచ్చి. తోడి ఎలా ఉంటుందో నేను ఒక్కసారీ తన పక్కన కూర్చుని విన్నది లేదు, మన సంగీతమని మాత్రం పదేపదే చెప్పాను. వచ్చే శనివారం తరగతికి పిలవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. ఫీజు మాత్రం జూన్ దాకా కట్టేశాను.