95 శాతం అంటే ఏమిటో తేల్చుకున్న తీరు

కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే శాంపిల్ నుంచి అసలు విలువను అంచనా వేస్తూ రెండు హద్దులతో ఇచ్చే అంతరం, లెక్కగట్టడం నాకు త్వరగానే పట్టుబడింది గానీ, వచ్చిన జవాబును ఏమని చదవాలో తేల్చుకోవడానికి చాలా కాలం పట్టింది. నేను తీసుకున్న లెక్క ఇది: పరిశీలనలు 25, వాటి సగటు 50, ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 10. ఆ విచలనాన్ని 25 వర్గమూలమైన 5తో భాగిస్తే ప్రామాణిక దోషం, అంటే సగటు అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత, 2 వస్తుంది. పరిశీలనల సంఖ్య కంటే ఒకటి తక్కువైన 24 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు టీ పట్టికలో 95 శాతం కింద ఉన్న విలువ 2.064. దాన్ని 2తో గుణించి, వచ్చినదాన్ని సగటు నుంచి ఒకసారి తీసివేసి, ఒకసారి కలిపితే 45.87 నుంచి 54.13 వరకు అంతరం వస్తుంది.

అసలు ప్రశ్న ఆ తరువాతే మొదలైంది. నిజమైన సగటు ఈ రెండు సంఖ్యల మధ్య ఉండే సంభావ్యత 95 శాతం అనవచ్చా? అలా అనడానికి మనసు ఎంత మొగ్గినా, 1937లో గణాంక శాస్త్రవేత్త యెర్జీ నేమన్ ఈ పద్ధతికి వేసిన పునాది అందుకు ఒప్పుకోదు. నిజమైన సగటు మనకు తెలియకపోయినా అది స్థిరమైన సంఖ్యే. శాంపిల్ మారినప్పుడల్లా మారేవి అంతరం హద్దులు.

ఈ మాట చదివినప్పుడు సరేననిపించింది గానీ, నమ్మకం కుదిరింది మాత్రం స్ప్రెడ్‌షీట్‌లో స్వయంగా చేసి చూశాకే. సగటు 50, విచలనం 10 అని ముందే నిర్ణయించిన, గంట ఆకారపు నార్మల్ విభాజనం నుంచి 25 యాదృచ్ఛిక సంఖ్యల చొప్పున వెయ్యి శాంపిళ్లు తీసి, వరుసకొక అంతరం లెక్కగట్టి, 50 అందులో పడిందో లేదో పక్క గడిలో గుర్తు పడేలా పెట్టాను. షీటు మళ్లీ లెక్కించినప్పుడల్లా సంఖ్యలన్నీ మారిపోయేవి. అయినా 50ని పట్టుకున్న అంతరాలు 950కి కాస్త అటూ ఇటూగానే ఉండేవి. పట్టుకోని వరుసలను ప్రత్యేకంగా వెతికి చూస్తే, మిగతావాటి పక్కన వేరుగా గుర్తుపట్టగలిగిన ఆనవాలు వాటిలో ఏదీ కనిపించలేదు. నిజ జీవితంలో చేతికందే ఒకే ఒక్క శాంపిల్ ఆ రెండు రకాల్లో దేనికి చెందినదో దాన్ని చూసి చెప్పలేమని అప్పుడే నాకు బోధపడింది. 95 శాతం ఆ పద్ధతికి దీర్ఘకాలంలో ఉండే విజయాల రేటు. 45.87, 54.13 అనే ఈ ఒక్క జత విషయంలో సంభావ్యత చెప్పాలంటే బేసియన్ మార్గం పట్టాలి, దానికి ముందస్తు విభాజనం, అంటే డేటా చూడకముందే నిజమైన సగటు గురించి మనకున్న అంచనా, ఒకటి ఎంచుకోవాలి.

టీ పట్టిక ఎందుకు కావాలో కూడా ఆ షీటులోనే తేలింది. శాంపిల్‌ను 5 పరిశీలనలకు తగ్గించి, 2.776కు బదులు అందరికీ కంఠస్థమైన 1.96 పెడితే, 50ని పట్టుకునే అంతరాలు దాదాపు 88 శాతానికి పడిపోతాయి. విచలనాన్ని కూడా ఆ ఐదు సంఖ్యల నుంచే అంచనా వేస్తున్నాం కనుక అంతరాన్ని ఆ మేరకు వెడల్పు చేయాలి. 1908లో స్టూడెంట్ అనే కలం పేరుతో విలియం గాసెట్ పరిష్కరించిన సమస్య ఇదే.

శాతాలకు అంతరం కట్టేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 20 వస్తువులను పరీక్షిస్తే ఒక్కదానిలోనూ లోపం కనిపించలేదనుకుందాం. మామూలు సూత్రం 0 నుంచి 0 వరకు అని చెబుతుంది, అంటే లోపమే ఉండదని తీర్మానించినట్టు. 1927లో ఎడ్విన్ విల్సన్ ఇచ్చిన సూత్రం పై హద్దును దాదాపు 16 శాతం దగ్గర ఉంచుతుంది. చిన్న శాంపిళ్లకు నేనిప్పుడు దాన్నే వాడుతున్నాను. ఫలితం రాసేటప్పుడు శాంపిల్ ఎంతో, ఏ సూత్రం వాడానో అంతరం పక్కనే రాస్తున్నాను.